తొలిపిన నీళ్ళు

అరవైల చివర్లో మా ఊళ్ళో కోళ్ళ పెంపకం నేర్పడానికి ఒక విదేశీ అమ్మాయి వచ్చింది. రాజాంలో బస్సెక్కి దిగాక ఇంకో మూడు మైళ్ళు నడిస్తే మా ఊరు. ఆ పిల్లకి ఇరవై రెండేళ్ళుంటాయి. ఊరంతా దొరసాని అనేవారు. మా వీధి గది ఖాళీగా ఉందని మా ఇంట్లోనే దించారు. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. ఎస్సెల్సీలో లెక్కలు తప్పాను గానీ ఇంగ్లీషులో గట్టెక్కాను. అందుకని ఆమె మాటలు వీళ్ళకీ, వీళ్ళ మాటలు ఆమెకీ చేరవేసే పని నా మెడకు చుట్టారు.

ఆమె దగ్గర ఒక చిన్న పుస్తకం ఉండేది. పరాయి దేశాలకు వెళ్ళేవాళ్ళ కోసం వాళ్ళ దేశంలో అచ్చువేసి ఇచ్చినది. నీళ్ళు కాచి చల్లార్చి తాగాలి, ఐసు ముట్టకూడదు, పళ్ళు తొక్క ఒలుచుకుని తినాలి అని అందులో ఉంది. మా అత్త ముందు కూర్చుని అదంతా తెలుగులో చెప్పాను. ఆవిడ బియ్యం ఏరడం ఆపి మరీ విన్నది.

"కన్నతల్లి దగ్గర లేని పిల్ల. నీళ్ళు నానే కాసిస్తాను, నువ్వు సెయ్యెట్టకు" అంది.

చెప్పినట్టే చేసింది. తెల్లారకముందే పొయ్యి మీద తపేలా పెట్టి, కుతకుతా మరిగేదాకా అక్కణ్ణుంచి లేచేది కాదు. నేను ఆ వేళకి పశువుల శాలలో పేడ ఎత్తుతూ ఉండేదాన్ని. దొరసాని ఆ నీళ్ళు ఫ్లాస్కులో పోయించుకుని కోళ్ళ గూళ్ళ దగ్గరకు వెళ్ళేది. ఎవరింట్లో మంచినీళ్ళిచ్చినా దండం పెట్టి వద్దనేది. మొదట్లో ఊళ్ళో నొచ్చుకున్నారు, తర్వాత అలవాటుపడ్డారు.

వానలు మొదలయ్యాయి. నుయ్యి ఎర్రనీళ్ళతో పైదాకా వచ్చింది. ఒకనాడు దొరసాని తలనొప్పి అంటూ పడుకుంది. సాయంత్రానికి జ్వరం. మూడోనాడూ దిగకపోతే, గంజి కాచి ఇద్దామని నేను ఆ పొద్దున వంటింట్లోనే ఉన్నాను. మా అత్త మరిగిన తపేలా దించింది. పక్కన కుండలోంచి రెండు చెంబుల నూతి నీళ్ళు తీసి అందులో పోసింది. వేలు ముంచి చూసి ఇంకో అరచెంబు పోసింది.

"ఏటత్తా, సన్నీళ్ళు కలుపుతన్నావు?"

"తొలపాల గదే మరి. ఈ ఫ్లాస్కులో పోసిన నీళ్ళు పొద్దుగూకినా సల్లారవు. మొదటి దినం పాపం నోరు కాల్సుకున్నాది. అప్పుణ్ణించీ తొలిపే పోస్తన్నాను."

స్నానానికి మేమంతా వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు పోసి అలాగే తొలుపుకుంటాం. కాచిన నీళ్ళు మంచివి, అందులో నాలుగు చన్నీళ్ళు పడితే చెడతాయని ఆవిడకెలా తోస్తుంది? నేనైనా చల్లార్చడం అంటే ఏమిటో విడమరిచి చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. కంటికి కనబడని పురుగులుంటాయి, కలిపితే కాచిందంతా దండగ అన్నాను.

"మన నూతిలో పురుగులా? నీ మొగుడు ఏ నీళ్ళు తాగి పెరిగినాడే?" అని చెంబు కింద పెట్టి ఏడ్చింది. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

మా ఆయనతో చెబితే గొంతు తగ్గించి, "మాయమ్మ నీళ్ళు తాగి దొరసాని పడిపోనాదంటే ఊళ్ళో తలెత్తుకోగలమేటి? ఎవరి దగ్గరా ఈ మాటెత్తకు" అన్నాడు.

అద్దె కారులో విజయనగరం ఆస్పత్రికి తీసుకెళ్ళాం. టైఫాయిడ్ అన్నారు. నీళ్ళెక్కడ తాగావని డాక్టరు అడిగితే, ఆ పిల్ల కళ్ళు మూసుకునే, ఇంట్లో కాచినవి తప్ప ముట్టలేదని, రాజాంలో ఒక్కసారి ఎండకి ఆగలేక చెరుకురసం తాగానని చెప్పింది. డాక్టరు నా వైపు తిరిగి, ఇంట్లో కాచే ఇస్తున్నారా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా అత్త అందుకుంది.

"రోజూ నా సేత్తో కాసే ఇస్తన్నాను బాబూ."

అబద్ధం కాదు. నేను తలూపాను. అలా తలూపినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఆస్పత్రి నీళ్ళ మీద ఆ పిల్లకి నమ్మకం లేదు. మా అత్తని అమ్మ అని పిలిచేది, ఆ అమ్మ నీళ్ళే కావాలనేది. మా అత్త దగ్గర్లో చుట్టాలింట దిగి, వాళ్ళ పొయ్యి మీద కాచి ఫ్లాస్కులో పోసి పంపేది, నేను మోసుకెళ్ళేదాన్ని. ఒకరోజు గ్లాసులో వంపితే చేతికి చల్లగా తగిలింది. తీసుకెళ్ళి తూములో పారబోసి, వార్డులో ఆయాని బతిమాలి వేరే నీళ్ళు కాయించి తెచ్చాను. దొరసాని మొహం తిప్పేసుకుంది. అమ్మ నీళ్ళు ఎందుకు పారబోశావని ఏడ్చింది. ఈగ పడిందన్నాను. చుట్టాలింటికొచ్చి అత్త కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. సరే కలపనంది. మర్నాడూ ఫ్లాస్కు చల్లగానే ఉంది.

"జొరంతో ఉన్న పిల్ల గొంతులో మంటనీళ్ళు ఎలాగ పొయ్యమంటావే?" అంది.

మూడోవారం ఆ పిల్ల తాలూకు వాళ్ళు మద్రాసు తీసుకుపోవడానికి వచ్చారు. మనిషి పక్కకి అంటుకుపోయింది. స్ట్రెచరు మీద నుంచే మా అత్త చెయ్యి పట్టుకుని ఏదో చెప్పి, చెప్పు అన్నట్టు నా వైపు చూసింది. అందరూ నా నోటికేసి చూస్తున్నారు.

"ఆ చెరుకురసం తాగకుండా ఉండాల్సిందట. నీ నీళ్ళు ఉన్నాయి కాబట్టే ఇంకా బతికున్నానంటున్నాది అత్తా" అని ఉన్నదున్నట్టు చెప్పాను.

మా అత్త కళ్ళొత్తుకుంది. నా మీద కోపం కూడా లేదు ఆవిడకి.

"విన్నావా పిల్లా? ఇంకెప్పుడూ నా నీళ్ళని అలాటి మాటనకు."

"అనను అత్తా" అన్నాను.

దొరసాని దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు. బతికిందో లేదో నాకు తెలియదు. మరుసటేడు నాకు కూతురు పుట్టింది. నాలుగో నెల నుంచి దానికి మా అత్త రోజూ నీళ్ళు కాచి, తొలిపి, ఉగ్గుగిన్నెతో పట్టేది. నేను పక్కనే కూర్చుని చూసేదాన్ని.