నాన్న నవ్విన చలానా

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహా పోరాటగాథ. ఒకవైపు ఒంటరి యువకుడు, ఎదురుగా యావత్తు ప్రభుత్వ యంత్రాంగం. చివరికి యువకుడే గెలుస్తాడు. గెలిచి సర్వనాశనమైపోతాడు. కళ్ళు తుడుచుకోడానికి ఒక తువ్వాలు దగ్గర పెట్టుకోండి.

సరే, అంత లేదు. నో పార్కింగ్‌లో స్కూటర్ పెట్టినందుకు రెండొందల చిల్లర చలానా పడింది. దాని మీద అప్పీలుకెళ్ళాను, గెలిచాను. గాథ అయిపోయింది. తువ్వాలు మాత్రం ఉండనివ్వండి, దాంతో పనుంది.

ముందు నా సంగతి. విజయనగరంలో నాకో సెల్‌ఫోన్ రిపేరు షాపుంది. షాపంటే మరీ షాపు కాదు, రెండు షాపుల మధ్య మిగిలిపోయిన సందుకి షట్టరు బిగించారు. పైన బోర్డు మీద ఎర్ర అక్షరాలతో 'డిలీట్ అయిన ఫొటోలు తిరిగి తెప్పించబడును' అని రాయించాను. ఆ బోర్డుని గుర్తు పెట్టుకోండి. ఇదంతా చదివేసరికి మీరే వచ్చి పీకేస్తారు.

మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. నాన్న వరి, కొంచెం నువ్వులు వేసేవాడు. చలానాకి ఎనిమిదేళ్ళ ముందు డీజిల్ ఇంజను తిప్పుతుంటే హ్యాండిల్ వెనక్కి తన్ని ఆయన ముందుపళ్ళు నాలుగూ ఒకేసారి పట్టుకుపోయింది. ఆ రోజు నుంచి ఎవరైనా ఫోను ఎత్తితే చాలు, నాన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టేసేవాడు. నా ఫోన్లో నాన్న ఫొటోలు నలభై దాకా ఉన్నాయి. నలభైలోనూ తువ్వాలే ఉంది. మా అక్క పెళ్ళి ఆల్బమ్ చూసినవాళ్ళు పెళ్ళికూతురి తండ్రికి మూడు రోజులూ జలుబు తగ్గలేదనుకుంటారు.

"ఒక్కసారి తియ్యి నాన్నా ఆ తువ్వాలు, మొహం పడాలి కదా" అంటే, "ఫొటోకి పళ్ళెందుకురా? నాను దాన్నేటి కొరుకుతానా?" అనేవాడు.

అమ్మ ఎనిమిదేళ్ళు పోరినా కట్టించుకోని పళ్ళు, అక్క కూతురు ఒక్క మాటతో కట్టించింది. దానికి అప్పుడే పాలపళ్ళు ఊడుతున్నాయి. "తాతా, నీకూ నాకూ ఒకేసారి వస్తాయా?" అనడిగింది. మర్నాడే నాన్న నా స్కూటరేసుకుని టౌన్లో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి కొలతలిచ్చి వచ్చాడు. రెండు వారాలకి మళ్ళీ ఒక్కడే వెళ్ళి పళ్ళు పెట్టించుకున్నాడు.

ఆ మధ్యాహ్నం షాపులో ఎవరిదో ఫోను విప్పుకుని కూర్చున్నాను. నా ఫోన్ టింగుమంది. బండి నా పేరు మీద ఉంది కాబట్టి చలానా నాకొచ్చింది. లింకు నొక్కితే ఫొటో తెరుచుకుంది.

మెడికల్ షాపు ముందు మా స్కూటరు. దాని మీద మా నాన్న. తువ్వాలు భుజం మీదుంది, నోటి మీద లేదు. సూటిగా కెమెరాలోకి చూస్తూ, కొత్త పళ్ళన్నీ బయటపెట్టి, కళ్ళు చికిలించి, కడుపారా నవ్వుతున్నాడు. ఎనిమిదేళ్ళుగా కొడుకుకి దొరకని ఫొటో ఒక ట్రాఫిక్ కానిస్టేబులుకి ఊరికే దొరికింది.

మరి ఆ ఫొటోలో నేనేం చూశానో చెప్పనా? నో పార్కింగ్ బోర్డు ఎక్కడా పడలేదని చూశాను.

సాయంత్రం ఇంటికెళ్ళగానే పట్టుకున్నాను. "ఏటి నాన్నా, పోలీసు ఫొటో తీస్తంటే నవ్వుతావా?"

"మరేటి సెయ్యమంటావు? ఆ బాబొచ్చి, 'పెద్దాయనా, కొంచెం జరుగు, నంబరు కనబడ్నేదు' అన్నాడు. 'మరి నాను కనబడతన్నానా?' అన్నాను. 'నువ్వు కాదు తాతా, ముందు నీ పళ్ళే కనబడతన్నాయి' అన్నాడు. నవ్వొచ్చీసింది."

"చలానా రాసీసాడు!"

"రాయనీ. ఆడి ఉద్యోగం ఆడిది. కట్టీ."

"కట్టీడమేటి? బండి మీద మనిషుంటే అది పార్కింగ్ కాదు, ఆగడం. ఫొటోలో నువ్వు బండి మీదే ఉన్నావు. అప్పీలుకెళ్దాం."

"ఒరే, తప్పు మనదేరా. బోర్డున్నాది. వేపకొమ్మ సాటునున్నాది గాని, ఉన్నాది."

"సాటునుంటే లేనట్టే, చట్టంలో."

"ఏ సట్టంరా?"

ఏ చట్టమో నాకూ తెలీదు. అయినా ఆ రోజుల్లో నాకు చట్టం తెలియకపోవడం పెద్ద అడ్డంకిగా కనిపించేది కాదు. అమ్మ వంటింట్లోంచి, "ఒగ్గీరా బాబూ, పోలీసోలతో మనకేటి?" అంది. ఒగ్గలేదు. మూడు పేజీల అర్జీ టైపు చేయించాను. అందులో 'సహజ న్యాయం' అనే మాట నాలుగుసార్లు, 'నో పార్కింగ్' అనే మాట ఒక్కసారి వచ్చాయి.

దానికి ఫొటో జత చెయ్యాలి కదా. ప్రింట్లు తీసే ఆవిడ తన కంప్యూటర్లో ఆ లింకే తెరిచి అడిగింది. "కలరా, బ్లాక్ అండ్ వైటా?"

"నంబరు ప్లేటు కనబడితే చాలు. బ్లాక్ అండ్ వైట్ ఇచ్చేయండి" అన్నాను.

నా జీవితంలో నేను చేసిన గొప్ప పొదుపుల్లో ఇదొకటి.

ట్రాఫిక్ స్టేషన్‌కి నాన్నని కూడా లాక్కెళ్ళాను, సాక్షిగా. కొత్త పళ్ళు పెట్టుకునే వచ్చాడు. ఎస్సై గారు మొదటి పేజీ చదివి, రెండో పేజీ తిప్పి, మూడో పేజీ చూసి భయపడి, కాగితాలు పక్కన పెట్టేశారు.

"అంటే మీ నాన్నగారు అసలు బండి దిగలేదంటావు."

"దిగలేదు సార్. ఫొటోయే సాక్ష్యం. బండి మీదే ఉండి వెయిట్ చేస్తున్నారు."

ఆయన నాన్న వైపు తిరిగారు. "ఏం పెద్దాయనా, దిగలేదా?"

నేను నాన్న కాలు తొక్కాను. నాన్న నా కాలు వైపు చూసి, ఎస్సై గారి వైపు చూసి అన్నాడు. "దిగకండా పళ్ళెలాగ కట్టించుకుంటానండి? డాట్రు మేడ మీదున్నాడు."

నా మూడు పేజీల సహజ న్యాయం ఫ్యాను గాలికి రెపరెపలాడింది.

"గంటసేపు పైనే ఉన్నానండి" అని నాన్న ఇంకా వివరం ఇచ్చాడు. "కిందకొచ్చి బండెక్కి, అద్దంలో పళ్ళు సూసుకుంతన్నాను. అప్పుడొచ్చాడు మీ బాబు. తప్పు మాదేనండి. ఈడికి సెప్తే ఇన్లేదు."

ఎస్సై గారు నవ్వాపుకోలేక బల్ల మీద చెయ్యి కొట్టారు. "ఏదీ, చూపించండి ఆ పళ్ళు."

నాన్న చూపించాడు. పక్క బల్లల వాళ్ళు కూడా లేచొచ్చి చూశారు. "బాగున్నాయండీ" అన్నారు ఆయన. "బోర్డుకి అడ్డంగా కొమ్మ ఉన్న మాట నిజమేలే, కొట్టించమని నేనే రాశాను. ఈసారికి చలానా తీయించేస్తాను. మళ్ళీ అక్కడ పెట్టకండి."

అలా నేను గెలిచాను. వాట్సాప్‌లో 'న్యాయం గెలిచింది' అని స్టేటస్ పెట్టాను, వెనకాల సింహం బొమ్మతో. దారి పొడుగునా నాన్న స్కూటర్ వెనక కూర్చుని, "మూడు పేజీలు రాసినావురా, ఒక్క నిజం రాయలేకపోయినావు" అని నవ్వుతూనే ఉన్నాడు. నేను ముందుకి చూసి బండి నడుపుతున్నాను. అద్దంలోనైనా చూడలేదు.

నెల తిరిగేసరికి "దవడ నొక్కెస్తన్నాయి" అని పళ్ళు తీసి స్టీలు గ్లాసులో నీళ్ళలో వేశాడు. తువ్వాలు మళ్ళీ నోటి మీదకొచ్చింది. వర్షాలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున్న పొలం నుంచి వచ్చి, అమ్మని టీ పెట్టమని, మంచం మీద నడుం వాల్చాడు. టీ చల్లారిపోయింది.

ఇక్కడ జోకు లేదు. వెతక్కండి.

పన్నెండో రోజుకి దండ వెయ్యడానికి ఫొటో కావాలి. అక్కా నేనూ నలభై ఫొటోలూ తిరగేశాం. నలభై తువ్వాళ్ళు. చివరికి తువ్వాలు లేనిది ఒకటే తేలింది, ఆధార్ కార్డుది. అందులో పెదాలు బిగించి, చేదు మందు మింగి ఇంకా ఎవరికీ చెప్పని మనిషిలా ఉన్నాడు. అదే పట్టుకుని స్టూడియోకెళ్ళాం.

"కోటు వేసేద్దామాండి?" అన్నాడు స్టూడియో ఆయన.

"ఆయన జన్మలో కోటేసుకోలేదు" అంది అమ్మ. "భుజం మీద తువ్వాలెయ్యండి."

"తువ్వాలు రెడీమేడ్‌గా లేదమ్మా, కోటే ఉంది."

"కొంచెం నవ్వుతున్నట్టు చెయ్యగలరా?" అంది అక్క.

"నవ్వు కావాలంటే వేరేవాళ్ళ నోరు పెట్టాలండి" అన్నాడాయన, చాలా మర్యాదగానే.

వేరేవాళ్ళ నోరు అనగానే నాకు చలానా గుర్తొచ్చింది. అక్కడే, స్టూడియో గుమ్మంలో నిలబడి వెబ్‌సైటు తెరిచాను. బండి నంబరు కొట్టాను. పచ్చటి టిక్కు మార్కు వచ్చింది. 'ఈ వాహనంపై చలానాలు ఏవీ లేవు.' అభినందిస్తున్నట్టే ఉంది.

"పాత లింకు ఉంటాది కదరా?" అంది అక్క.

పాత లింకు నొక్కితే తెల్ల పేజీ. స్క్రీన్‌షాట్ లేదు, ఎందుకంటే ఆ రోజు నాకు కావలసింది న్యాయం. పోనీ పాత ఫోన్లో ఎక్కడైనా దాగుంటుందేమో అంటే, ఫొటోలూ మెసేజీలూ కొత్తదాన్లోకి మార్చుకుని ఆ ఫోను నెల కిందటే అమ్మేశాను. అమ్మేముందు రీసెట్ చేసింది నేనే, చాలా శ్రద్ధగా. కొన్నాయనకి 'మీ చేతికొచ్చేది కడిగిన పలక' అని గొప్పగా చెప్పాను కూడా.

పరిగెత్తుకుంటూ స్టేషన్‌కెళ్ళాను. ఎస్సై గారు లేరు. బల్ల దగ్గర ఒక కానిస్టేబులున్నాడు.

"సార్, మా బండి మీద చలానా ఒకటి తీసేశారు. అది మళ్ళీ వెయ్యండి."

ఆయన తలెత్తాడు. "ఏటి?"

"తప్పు మాదే సార్. బోర్డుంది. మా నాన్న దిగాడు. గంటసేపు పైనే ఉన్నాడు. నేను అబద్ధం రాశాను. చలానా వెయ్యండి, ఇప్పుడే కట్టేస్తాను."

"పొద్దున్నే మందేసుకొచ్చినావేటి?"

"లేద్సార్. ఆ చలానాలో ఫొటో కావాలి."

"తీసేసిన చలానాకి ఫొటో ఉండదు బాబూ. దాంతోనే పోతాది. మా మిషన్లోనూ మిగల్దు." ఆయన నన్ను పరీక్షగా చూశాడు. "నువ్వు ఆ పళ్ళ తాత కొడుకువి కాదూ? ఫొటో తీసింది నేనే. బాగున్నాడా తాత?"

చెప్పాను.

ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఎంత నవ్వు నవ్వినాడనుకున్నావు!" అన్నాడు. "అద్దంలో సూసుకుంటా, 'మా మనవరాలి కంటే నాకే ముందొచ్చీసాయి బాబూ, అది కుళ్ళుకుంటాది' అన్నాడు. చలానా రాస్తంటే నాతో ఇలగ అన్నవోళ్ళు ఎవరూ లేరు."

మా నాన్న ఎలా నవ్వాడో నాకు ట్రాఫిక్ కానిస్టేబులు చెప్తున్నాడు. నేను నిలబడి వింటున్నాను.

ఆయన లేచి బీరువాలోంచి ఒక కట్ట దింపి, దుమ్ము దులిపి, నా అర్జీ వెతికి తీశాడు. మూడు పేజీల వెనక నేను జత చేసిన ప్రింటుంది. నంబరు ప్లేటు అద్దంలా ఉంది, నేను కోరినట్టే. దాని పైన నాన్న మొహముండాల్సిన చోట నల్లటి ఇంకు మరక. ఆ మరక మధ్యలో తెల్లగా పళ్ళు.

"తీసుకెళ్ళు" అన్నాడాయన. "అర్జీ మాత్రం ఇక్కడే ఉండాలి."

పన్నెండో రోజు ఆధార్ నాన్నకే దండ వేశాం. వచ్చినవాళ్ళందరూ "ఎంత గంభీరమైన మనిషో" అన్నారు. అక్క కూతురు ఆ ఫొటో చూసి, "ఈయనెవరు?" అంది. నల్ల మరక కాగితం చూపిస్తే, "తాత!" అంది. అమ్మ ఇప్పటికీ ఆ స్టీలు గ్లాసులో నీళ్ళు మారుస్తోంది.

కాబట్టి, నెల్లిమర్ల మొదలు ఇచ్ఛాపురం దాకా సకల జనుల సమక్షంలో, నా షాపు షట్టరు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ జన్మలో చలానా మీద అప్పీలుకెళ్ళను. నా బండి ఇంట్లో ఉండగా రాకెట్ దారిలో నో పార్కింగ్ అని పంపినా తలొంచి కట్టేస్తాను. ముందు స్క్రీన్‌షాట్, తర్వాతే న్యాయం.

కిందటి నెల అమ్మకి పన్ను కదిలితే అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అమ్మా అంతే, నా ఫోను చూస్తే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. అందుకే కిందకొచ్చాక స్కూటరు సరిగ్గా ఆ వేపకొమ్మ కిందే ఉంచి, అమ్మని దాని మీద కూర్చోబెట్టి, "పోలీసొచ్చి ఫొటో తీస్తాడు, నవ్వు" అని చెప్పి పక్కకి జరిగి నిలబడ్డాను.

"ఎందుకురా?" అంది అమ్మ.

"ఊరికే. నవ్వు."

చాలాసేపు నవ్వుతూ కూర్చుంది పాపం. చివరికి చేతిలో చీటీల పుస్తకంతో ఒకాయన వచ్చాడు.

ఇప్పుడక్కడ పెయిడ్ పార్కింగ్. బండికి పది రూపాయలు. చీటీ ఇస్తారు, ఫొటో తియ్యరు.