వేళ్లకంటే ముందు కాగితం

రోగి దగ్గరికి వెళ్తే ముందు చేతులు, తర్వాతే కాగితాలు. లవోన్ టీటర్‌ది నలభై నాలుగేళ్లుగా అదే పద్ధతి. ఉత్తర మిస్సోరీలోని ఆ చిన్న ఆసుపత్రిలో ఎముకల్నీ కండరాల్నీ చేతులతో సరిచేయడం కూడా చదువుకున్న ఆస్టియోపతి డాక్టర్లకు కొదవ లేదు. కానీ వార్డులో పడుకున్న మనిషి వీపు కింద చేతులు పెట్టి, పక్కటెముకల్ని కాస్త కాస్తగా పైకెత్తుతూ అరగంట కూర్చునే ఓపిక ఆమె ఒక్కదానికే మిగిలింది. మందులు ఆమె కూడా రాస్తుంది. మందు లోపల పనిచేస్తుంటే పైన ఎముకలు కదలొద్దా అంటుంది. కేసు షీటు ముందే చదివితే వేళ్లు అందులో ఉన్నదే చెబుతాయని, తన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి డాక్టరుకూ చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పెట్టింది.

అలాంటి మనిషి ఈ ఏడాది ఈస్టర్ నుంచి దొంగచాటుగా కేసు షీటు ముందే చదువుతోంది. వేళ్ల కొసలు మొద్దుబారాయి మరి. పన్నెండేళ్ల షుగరు ముందు పాదాలను పట్టుకుని, ఇప్పుడు చేతులదాకా వచ్చింది. ఒకరోజు ఇంట్లో పాత టెలిఫోను పుస్తకం తీసి, ఒక కాగితం కింద తల వెంట్రుక పెట్టి తడిమి చూసుకుంది. కాలేజీలో చేరిన కొత్తలో అందరిచేతా చేయించిన పరీక్ష అది. అప్పట్లో ఇరవై కాగితాల కిందున్నా పట్టేసేది. ఇప్పుడు రెండో కాగితానికే ఏమీ తెలియలేదు. ఈ పని మానేస్తే తనకంటూ ఇంకేం ఉందో ఆమెకు తోచలేదు. భయపడింది. భయపడే మనిషి దాచిపెడుతుంది, ఆమె కూడా అదే చేసింది.

జూన్‌లో ఆర్విల్ బ్యూషర్ న్యుమోనియాతో చేరాడు. పందులు పెంచే రైతు, బడిలో ఆమెకంటే మూడు తరగతులు పైన చదివినవాడు. ఎక్స్‌రే రిపోర్టులో కుడి ఊపిరితిత్తి అడుగున అని రాసి ఉంది. స్టెతస్కోపులో రెండు వైపులా గరగరమంటోంది. లవోన్ చేతులు పెట్టి, కుడివైపు బిగిసిపోయిందని తేల్చింది. మూడు రోజులు ఆ వైపే ఎక్కువసేపు పనిచేసింది. జ్వరం దిగలేదు.

నాలుగో రోజు పొద్దున ఆమెతోపాటు, ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న జోలీన్ వచ్చింది. ఇరవై ఏళ్లు స్కూలు బస్సు నడిపి, ఆ తర్వాత డాక్టరు చదివిన మనిషి. గురువు చెప్పినట్టే షీటు చూడకుండా ఆర్విల్ వీపు కింద చేతులు పెట్టింది.

"కుడివైపు బానే కదుల్తోంది మేడమ్. బిగుసుకుపోయింది ఎడమవైపు."

"సరిగ్గా చూడు."

"రెండుసార్లు చూశానండీ. మీరు తిట్టినా సరే, ఎడమే."

లవోన్ వెళ్లి ఎక్స్‌రే బొమ్మనే తెరమీద పెట్టి చూసింది. మచ్చ ఎడమవైపు ఉంది. రిపోర్టు టైపు చేసినవాళ్లు కుడి అని కొట్టారు. అది వాళ్ల పొరపాటు. లేని బిగుతు తన వేళ్లకు తగిలిందని చెప్పింది మాత్రం ఆమె. టైపులో తప్పు పడిందంటే ఎవరూ ఇంకో మాట అడగరు. ఆ మాట నోటిదాకా తెచ్చుకునే గదిలోకి తిరిగొచ్చింది.

ఆర్విల్ ఊపిరి కోసం మెడ చాచి పడుకుని ఉన్నాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆర్విల్, మూడ్రోజులుగా నీకు తప్పు వైపు చేశాను. నా వేళ్లకు ఏం తెలీడం లేదు. కాగితంలో ఉన్నదే చెప్పాను."

అతను దగ్గాడు. "అదా సంగతి. నువ్వు నొక్కే నొక్కుడికి, బళ్లో నీ జడ లాగిన కోపం ఇప్పుడు తీర్చుకుంటున్నావనుకున్నా."

"నొప్పెడుతోందని చెప్పొచ్చుగా?"

"డాక్టరువి నువ్వు. ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నా."

ఆ మాట ఆమె గుండెల్లో గుచ్చుకుంది. తెలియని వేళ్లు తెలుసుకోవాలని ఇంకా గట్టిగా నొక్కుతాయి. ఈస్టర్ నుంచి ఎంతమంది ఇలా పళ్ల బిగువున పడుకున్నారో. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

జోలీన్ గొంతు తగ్గించింది. "మేడమ్, ఎటువైపో చెప్పగలను గానీ, ఎంత ఎత్తాలో నాకింకా రాదు. ఇందుకని మీరు పని మానేస్తే ఎవరు చెబుతారు?"

లవోన్ తెల్ల కోటు విప్పి కుర్చీమీద వేసింది. బూట్లు వదిలి, ఖాళీగా ఉన్న పక్క మంచంమీద వెల్లకిలా పడుకుంది.

"ముందు నాకు చెయ్యి. వేళ్లు పోయాయి గానీ వీపు పోలేదు."

జోలీన్ వేళ్లు వెన్ను పక్కన ఆనాయి.

"ఎక్కువ. ఇంకా ఎక్కువే. మోచేతులు పరుపుకు ఆనించు, బలం అక్కణ్నుంచి రావాలి. ఆఁ, ఇప్పుడు వదులు. నేను ఊపిరి తీసేదాకా ఆగు."

పావుగంట అలా జరిగింది. లవోన్ ఊపిరి నిండుగా తీసుకుంది. కాలేజీ వదిలాక తనకు ఇలా ఎవరూ చేయలేదు.

"చాలు. ఇక అటు వెళ్లు. ఎడమవైపు." ఆమె లేవకుండానే తల తిప్పింది. "ఆర్విల్, నొప్పెడితే చెప్పు. ఈసారి ఊరుకోకు."

"నొప్పెడుతోంది," అన్నాడు ఆర్విల్, వీపు కింద చేతులు పడగానే.

జోలీన్ చేతులు మెత్తబడ్డాయి.