గోడ మీద తెల్ల దస్తీ

మా చిన్నప్పుడు గోదావరిఖనిలో తెల్లబట్టను దండెం మీద ఆరేసి మరిచిపోతే అంతే సంగతులు... మళ్ళీ తీసేసరికి బూడిదరంగులోకి దిగేది. ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని దుమ్ము అలాంటిది. చర్చికి కట్టుకునే తెల్లచీరను అమ్మ ఇంట్లోనే, అర్రలో తాడు కట్టి ఆరబెట్టుకునేది.

అలాంటి ఊళ్ళో మా బాపు ఒకరోజు తెల్ల దస్తీని, అంటే చేతిరుమాలును, బయట పిట్టగోడ మీద పరిచి, ఎగిరిపోకుండా మధ్యలో రాయి పెట్టి, దేవుణ్ణి ఒక గుర్తు అడిగాడు.

అప్పటికి అమ్మ చనిపోయి ఏడాది కావస్తోంది. నాకు పదేళ్ళు. కంపెనీ క్వార్టర్‌లో నేనూ బాపూ, ఇద్దరమే. బాపుకు బొగ్గు బాయిలో పని. మొదటి షిఫ్టైతే నేను లేచేసరికి ఉండడు. రెండో షిఫ్టైతే బడి నుంచి వచ్చేసరికి ఉండడు. రాత్రి షిఫ్టైతే నన్ను పక్క క్వార్టర్ రాజవ్వ ఇంట్లో వదిలి పోయేవాడు. నాకు జ్వరమొస్తే మాత్రం డ్యూటీ మానేసి నా పక్కనే కూర్చునేవాడు... ఆ ఏడాది నాకు జ్వరాలు కాస్త ఎక్కువే వచ్చాయి. అన్నీ నిజం జ్వరాలు కావని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వరంగల్‌లో మిషన్ హాస్టల్ ఉందని, సీటు మాట్లాడతానని పాస్టరయ్య అన్నాడు. బాపు నెలరోజులు ఎటూ తేల్చుకోలేకపోయాడు. వెనకటికి ఒక భక్తుడు గొర్రెబొచ్చును కళ్ళంలో పరిచి, తెల్లారి దాని మీద మంచు చూసి దేవుడి మాట తెలుసుకున్నాడని ఒక ఆదివారం ప్రసంగంలో విన్నాం. మాకు గొర్రెబొచ్చు ఎక్కడిది... అమ్మ అంచులు కుట్టిన దస్తీలు రెండు ఉన్నాయి, ఒకే తీరువి. అందులో ఒకటి తీశాడు.

రాత్రి షిఫ్టుకు బయలుదేరే ముందు గోడ దగ్గర నిలబడి పైకే ప్రార్థన చేశాడు.

"ప్రభువా, నాకేం సమజైతలేదు. పొద్దుగాల నేనొచ్చేసరికి ఈ దస్తీ తెల్లగుంటే పిల్లను హాస్టల్‌కు పంపుత. నల్లగైతే నాతోనే ఉంచుకుంట. నువ్వే చెప్పాలె."

గడప మీద కూర్చుని అంతా విన్నాను. నల్లగా కావాలని నేనూ మనసులో మొక్కుకున్నాను.

రాజవ్వ అన్నం పెడుతూ ఊరికే ఉండలేదు. "మీ బాపు నీ కోసమే నాగాలు చేస్తుండు బిడ్డా. గిట్లనే డ్యూటీకి పోకుంటే హాజరు మస్టర్లు తక్కువైతయి, నౌకరి తీసేస్తరు. గప్పుడు ఇద్దరు ఎట్ల బతుకుతరు?"

రాజవ్వ చెడ్డమనిషి కాదు... ఉన్నమాట చెప్పింది. నేను సగం అన్నం కంచంలోనే వదిలేసి లేచాను.

తెల్లారి పరుగెత్తుకెళ్ళి చూశాను. దస్తీ అంతా మసి. రాయి ఎత్తితే దాని కింద అరచేయంత తెల్లమచ్చ మిగిలింది, అంతే. నాకు ప్రాణం లేచొచ్చింది. దేవుడు ఉండమన్నాడు, ఎక్కడికీ పోనక్కరలేదు... ఆ వెంటనే రాజవ్వ మాట గుర్తొచ్చింది. నేను ఇక్కడుంటే బాపు నౌకరి పోతుంది.

ఇంట్లోకి వెళ్ళి పెట్టెలోంచి రెండో దస్తీ తెచ్చి పరిచాను. మరక పడకుండా రాయిని కూడా నా గౌనుతో శుభ్రంగా తుడిచి పెట్టాను. దొంగపనికి కావలసిన తెలివి పదేళ్ళకే వచ్చేసింది. నల్లదాన్ని నా పుస్తకాల సంచి అడుగున దాచాను. దేవుడు చూస్తున్నాడని భయం... బాపు చూస్తాడేమోనని ఇంకా భయం.

బాపు వచ్చాడు. టిఫిన్ డబ్బా చేతిలో అలాగే పట్టుకుని గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. దస్తీని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. మెల్లగా మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. దేవుడు మాట్లాడాడన్న సంతోషం కాబోలు అనుకున్నాను.

జూన్‌లో నన్ను హాస్టల్లో దింపి వెళ్ళాడు. ఏడేళ్ళు అక్కడే ఉన్నాను. ఎవరూ ఏ లోటూ చేయలేదు. కానీ ఆదివారాలు మిగతా పిల్లల కోసం ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు... బాపు షిఫ్టు కుదిరితేనే. గేటు కనబడే మెట్టు మీద కూర్చుని గంట కొట్టేదాకా చూసేదాన్ని. నన్ను పంపించుకున్నది నేనే, ఇక ఎవరి మీద అలగాలి?

మొదటి క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, చర్చిలో బాపు తనకు దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచాడు.

"బిడ్డను పంపుడు నాకు ఇష్టం లేకుండె. అందుకే గట్ల అడిగిన. మన ఊర్లె దస్తీ తెల్లగ ఎట్లుంటది, నల్లగనే అయితది, బిడ్డ నా దగ్గర్నే ఉంటది అనుకున్న. కానీ దేవుడు తెల్లగ ఉంచిండు. ఆయన మాట ఎట్ల కాదంట? ఇంట్ల ఒక్కణ్ణే ఉంటున్న. అయినా దేవుడు నాతోని మాట్లాడిండన్న ధైర్యం ఉన్నది."

చర్చి అంతా హల్లెలూయ అంది. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద తల వంచుకుని కూర్చున్నాను. లేచి చెప్పేస్తే చాలు, ఆ రోజు నుంచే ఇంట్లో ఉండిపోయేదాన్ని. కానీ ఒంటరి మనిషికి మిగిలిన ఆ ఒక్క ధైర్యాన్ని ఎలా లాక్కోను... చెప్పలేదు.

ప్రతి క్రిస్మస్‌కూ బాపు అదే సాక్ష్యం చెప్పేవాడు. తెలంగాణ వచ్చిన ఏడాదే పోయాడు. చివరి రోజుల్లో దవాఖానలో నర్సమ్మకు కూడా ఆ సంగతే చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

ఇప్పుడు ఏదైనా తేల్చుకోవాలంటే ఫోన్ తీసి పదిమందిని అడుగుతున్నాం. గోడ దగ్గర నిలబడి గుర్తు అడిగేవాళ్ళు నాకెక్కడా కనబడటం లేదు. నేనైతే అడగను... వచ్చిన జవాబు దేవుడిదో, భయపడ్డ ఏ పసిపిల్లదో ఎలా తెలుస్తుంది?

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దేవుణ్ణి అడిగినదానికి మీరెవరైనా జవాబు చెప్పేశారా? చెప్పి ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలుసుకోవాలని ఉంది.