శనివారం ముట్టకూడని కుంపటి

మా కోడలు హైదరాబాదులో ఆదివారాలు ఆన్‌లైన్‌లో వంట క్లాసులు చెబుతుంది. ఆ మధ్య పెట్టిన క్లాసు పేరు ‘ఇంట్లోనే ఇజ్రాయేలు - వంటలతో వారసత్వం’. డబ్బా శనగలు మిక్సీలో వేసి, పైన ఇంత ఆలివ్ నూనె ఒలికించి, మూడు వేల ఏళ్ళ చరిత్ర రుచి చూడమంటుంది. చూసినవాళ్ళు చప్పట్ల బొమ్మలు పంపుతారు. మా మేనత్త పార్వతి రంగూన్‌లో యాభై ఏళ్ళుగా ఒక యూదు ఇంట్లో వంట చేస్తోందని నేను నోరు జారడమే తప్పయింది.

“మామయ్యగారూ, మీరే వెళ్ళి ఆ అసలైన రెసిపీ రాసుకొచ్చేయండి,” అంది. అక్కడ సైన్యం గద్దెనెక్కి, జనం తిరగబడి, దేశం తలుపులు మూసుకు కూర్చుందని చెప్పాను. “వీసా ఇస్తున్నారుగా,” అంది. రిటైరైన తెలుగు మాస్టారికి వేరే పనేముంటుందని ఆమె ధీమా.

గురువారం రాత్రి ఇచ్ఛాపురంలో బండెక్కి, శుక్రవారం తెల్లవారేసరికి హౌరాలో దిగాను. వెనక వచ్చేవాళ్ళకి ఒక మాట. డాలరు నోట్లు మడత పడకుండా పుస్తకంలో పెట్టుకు వెళ్ళండి. గీత కనిపిస్తే అక్కడ తీసుకోరు. మనుషుల నడ్డి విరిచే సర్కారుకి నోటు మడత మీద ఎంత పట్టింపో!

పదిన్నర విమానంలో సగం సీట్లు ఖాళీ. పక్కన కూర్చున్న పప్పుల వ్యాపారి హిందీలో “ఏం పని మీద?” అని అడిగాడు. వంట నేర్చుకోవడానికన్నాను.

“అక్కడ పిల్లలు ఇళ్ళొదిలి పారిపోతుంటే మీరు వంటకి వెళ్తున్నారా?” అని అటు తిరిగి పడుకున్నాడు. నిజానికి నాకూ అదే అనిపించింది.

అక్కడి గడియారం మనకన్నా గంట ముందు. ఒకటిన్నరకి దిగి, టాక్సీలో పజుండౌంగ్‌లోని అత్త ఇంటికి చేరేసరికి మూడు దాటింది. దారిలో రెండుచోట్ల తుపాకీవాళ్ళు ఆపారు. ఒకడు నా సంచిలోని ఆవకాయ జాడీ మూత తీసి, వాసన చూసి, తుమ్మాడు. ఆ దేశంలో నాకు దొరికిన మొదటి సంతోషం అదే.

అత్తకి డెబ్భై ఎనిమిదేళ్ళు. మా నాన్న అరవైల్లో ఓడెక్కి తిరిగొచ్చేస్తే, ఆవిడ పెళ్ళయి అక్కడే ఉండిపోయింది. గుమ్మంలోనే “ఏటిరా, ఇలాగ సిక్కిపోనావు? నీ కోడలు కూడెట్టదా?” అంది. ఇజ్రాయేలు వంట కోసం వచ్చానంటే పకపకా నవ్వింది.

“ఇజ్రాయేలేటి, నీ మొకం! అది బగుదాదు యూదోల కూడు. ఆల తాతలు ఓడల మీద అట్టుకొచ్చినారు. ఫ్లోరమ్మ నేర్పింది, నాను నేర్సుకున్నాను. నడు, పొద్దోలిపోతాది.”

ఆమె వంటింట్లో గిన్నెలన్నీ సొట్టలే. సైన్యం వచ్చిన కొత్తలో రాత్రి ఎనిమిదింటికి ఊరు ఊరంతా గిన్నెలు వాయించి పీడ వదలమన్నారట. అత్త కూడా గరిటె విరిగేదాకా వాయించింది. పీడ మాత్రం వదల్లేదు. సొట్ట పడనిది ఒక్కటే, మందపాటి ఇత్తడి గిన్నె. “ఇది ఫ్లోరమ్మది. దీన్ని కొట్టనేదు,” అంటూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని సైకా ఎక్కింది. సైకా అంటే పక్కన సీటు కట్టిన సైకిలు.

ఫ్లోరమ్మ అంటే అత్త వండిపెట్టే ఆ యూదు ఇంటావిడ. ఇల్లు లత అనే పేటలో, మూడో అంతస్తు. తొంభై దాటిన మనిషి, రెండు కళ్ళూ కనబడవు. అయినవాళ్ళంతా ఇజ్రాయేలు వెళ్ళిపోయారు, ఫోను కలిసి నెలలైంది. వాళ్ళ పద్ధతిలో కోడిని కోసే పెద్దమనిషి పోయాక మాంసం మానేసింది. కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు, ఒంటరిగా పొయ్యి పెట్టుకోలేదు. వారమంతా రొట్టె, అరటిపండు. దారుల్లో ఈ కాపలాల వల్ల అత్త శుక్రవారం ఒక్కరోజే రాగలదు. కాబట్టి ఆ ముసలమ్మ వేడి వేడిగా తినేది వారానికి ఒక్క పూట, శనివారం మధ్యాహ్నం.

బియ్యం, శనగలు, టమాటా, యాలకులు, పసుపు వేసి, పైన గుడ్లు పెంకుతోనే పేర్చి, మూత చుట్టూ మైదా ముద్ద అంటించింది అత్త. పొద్దు వాలకముందు అగ్గిపుల్ల మాత్రం, వాళ్ళ ఆచారం ప్రకారం, ఫ్లోరమ్మే గీసింది. అత్త ఆ చేతిని పట్టుకుని బొగ్గుల దాకా నడిపించింది. గిన్నె ఉడుకు పట్టాక నిప్పుల మీద బూడిద కప్పి, “రేపు పొద్దోలిందాక ఆ కుంపటి జోలికెల్లకు,” అంది. చుట్టానికి పని చెప్పకూడదన్న మర్యాద కాబోలనుకున్నాను. కర్ఫ్యూ కాబట్టి ఆ రాత్రి ముగ్గురం అక్కడే పడుకున్నాం.

పొద్దున్న ఐదున్నరకి లేచి చూస్తే కుంపటి నిండా తెల్లటి బూడిద. ముసలాళ్ళిద్దరూ నిద్రలో ఉన్నారు. పాపం, ఆరిపోయిందే అనుకున్నాను. నివురుగప్పిన నిప్పు అని ముప్ఫై ఏళ్ళు పిల్లలచేత వల్లె వేయించిన మొనగాణ్ణి, నివురు కింద నిప్పుంటుందని తోచలేదు. గుప్పెడు బొగ్గులు వేసి, విసనకర్రతో విసిరి, రవ్వలు లేచేదాకా రాజేశాను. మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ కూర్చున్నాను కూడా.

అత్త లేచి చూసి గుండెల మీద చెయ్యేసుకుంది. “ఓలమ్మో! శనారం నిప్పు రాజేసినావేటిరా? ఇంక ఆ కూడు ఆయమ్మ ముట్టదు.”

కారణం చెప్పింది. వాళ్ళకి శనివారం విశ్రాంతి దినం. ఆ రోజు నిప్పు రాజేయకూడదు, ఒకరిచేత రాజేయించుకుని తినకూడదు. శుక్రవారం నిప్పే శనివారం దాకా రావాలి.

“ఆవిడకి కనబడదు కదత్తా. చెప్పకపోతే సరి,” అన్నాను. ఈ వాక్యం నా నోటినుంచే వచ్చింది. అబద్ధమాడరాదని బోర్డు మీద రాయించిన నోరు.

“ఆయమ్మకి కనబడదురా. నాకు కనబడతాది గదా,” అంది అత్త.

పన్నెండింటికి చెప్పింది, బర్మా భాషలో, నాలుగు ముక్కల్లో. ఫ్లోరమ్మ రొట్టె, అరటిపండు తెప్పించుకుంది. తర్వాత హిందీలో, “అతన్ని నా ఎదురుగా కూర్చుని తినమను,” అంది. తిన్నాను. గుడ్లు ఇటుక రంగుకి తిరిగాయి. అంత రుచైన అన్నం నేనెప్పుడూ తినలేదు, అంత సిగ్గుపడుతూనూ తినలేదు.

“అడుగు మాడిందా?” అని అడిగింది.

“లేదండీ, ఎర్రగా వేగింది.”

“నాకు అదే ఇష్టం,” అని రొట్టె ముక్క నిన్నటి చల్లారిన టీలో ముంచుకుంది.

మంగళవారం మధ్యాహ్నం తిరుగు విమానం. విమానాశ్రయానికి వచ్చే ముందు అత్తని, “వచ్చే శనివారం...” అనబోయాను. “దారులు ఒగ్గితే ఎల్తాను. ఆయమ్మ ఉండాల గదా,” అంది.

వెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్ళండి. తిండికి లోటుండదు. అక్కడివాళ్ళ భయాన్నీ ఆకలినీ చూసి వారసత్వమని రాసుకునే నాలాంటి పెద్దమనుషులకి అసలే ఉండదు.

కలకత్తాలో దిగగానే ఫోను బతికింది. అత్త దగ్గర్నుంచి ఏమీ లేదు. కోడలి మెసేజీలు పదకొండు. “రెసిపీ దొరికిందా మామయ్యగారూ? ఎలక్ట్రిక్ కుక్కర్లో చేయొచ్చా?” హౌరాలో బండెక్కి, దినుసులన్నీ వరసగా రాసి పంపాను. చివర ఇలా రాశాను: “ఆ తర్వాత మర్నాడు మధ్యాహ్నం దాకా చేతులు కట్టుకు కూర్చోవాలి. నేను కూర్చోలేకపోయాను. ఒక ముసలమ్మ అన్నం తినలేదు.”

ఖుర్దా దాటాక జవాబొచ్చింది. చప్పట్ల బొమ్మ.