మూడో మడికి పోసిన పెండనీళ్లు

కూసో. సక్కగ కూసోని ఇను. ఫోన్ల రాసుడైతె రాయి, గని గా బొమ్మలు సూసుడు బంద్ జెయ్యి. నేను జెప్పింది జెప్పినట్టే రాయాలె. మీ నాయిన సదివి కోపానికొస్తె రానీ, నా కొడుకే గదా.

యూనివర్సిటోళ్లు మన చేన్లకు ఎట్ల వచ్చిండ్రో జెప్త. అంతకుముందు ఏడాది వానలు ఆగకుంట దంచినయి. సాళ్లల్ల నీళ్లు నిలిచి పసుపు దుంప కుళ్లింది. తవ్వుతె చేతికి బురద లెక్క వచ్చేది. మనదే గాదు, ఆర్మూర్ సుట్టుముట్టు మస్తు మందిది గట్లనే అయ్యింది. గప్పుడు యూనివర్సిటీ మేడం ఒకామె వచ్చింది. "మీరు, మేము కలిసి పరీక్ష చేద్దాం. ఎంత వానొచ్చినా తట్టుకునే పద్ధతేదో సూద్దాం" అన్నది. మీ నాయిన సంతకం వెట్టిండు. కాయితంల రైతంటె మీ నాయిననే. గాయిన పొద్దుగాల ఆర్మూర్‌ల దుకాణానికి పోతె మాపటికి వస్తడు. చేన్ల ఉండేది ఎవలు? నేను. నన్ను ఒక్కమాట అడగలే.

మూడు మళ్లు జేసిండ్రు. ఒకటి ఎత్తు బెడ్లు, నీళ్లు జారిపోవాలని. రెండోదాంట్ల గా బెడ్ల మీద గడ్డి గూడ కప్పిండ్రు. రెండిటికీ పెంట ఎరువు ఏసిండ్రు. మూడోది మన మామూలు సాళ్లు, దానికి మాత్రం ఏం ఎయ్యద్దంట. పెంట లేదు, మందు లేదు. ఎందుకురా అంటె మీ నాయిన, "వాళ్లు ఎయ్యద్దన్నరు, ఎయ్యకు" అన్నడు. గంతే.

నాలుగు నెలలు ఓపిక పట్టిన. ఆ రెండు మళ్లు నడుమెత్తు పెరిగి కళకళలాడుతున్నయి. ఇదేమో మోకాలు దాటలే, ఆకులు పాలిపోయినయి. నాతోని కలుపు తీసేటందుకు నందిపేట్ దిక్కునుంచి ఆటోల ఒకామె వస్తుండె. ఆమె సూసి, "ఏందక్కా, దీనికి సవతి తల్లి దొరికిందా?" అన్నది. పెండ్లి బంతిల అందరికి వడ్డించి ఒక్కల ఇస్తారి ఉత్తగ వెడ్తరా?

తెల్లారి డ్రమ్ముల పెండ, ఆవు ఉచ్చ, బెల్లం కలిపి మురగవెట్టినం. వారం వారం ఇద్దరం గల్సి పోసినం.

"మేడమ్‌కు తెలిస్తెనో అక్కా?"

"పంటకు తిండి వెట్టినందుకు జైల్ల ఏస్తరా? పొయ్యి, పొయ్యి."

ఆ ఏడాది వాన మామూలుగనే పడ్డది. తవ్వేనాడు సూస్తె మూడో మడిల దుంప మంచిగ ఊరింది. మేడం తూకం సూస్తది, పుస్తకం సూస్తది, మళ్ల తూకమేపిస్తది. సూడనీకొచ్చిన రైతుల్ల ఒకాయన, "ఏం ఎయ్యకున్నా గింత పండితె గా బెడ్లెందుకు, గా గడ్డెందుకు? ఊకె తిప్పలు" అన్నడు. అందరు తలకాయలు ఊపిండ్రు. వీళ్లు గిదే నిజమనుకొని మళ్ల మామూలు సాళ్లల్ల పెట్టుకుంటె, పెద్ద వానొచ్చిననాడు అందరిది కుళ్లదా?

మీ నాయినకు సమజైనట్టుంది. నా చెవుల, "అమ్మా, ఊకో" అన్నడు.

ఊకుంటనా? "ఏం ఎయ్యని మడి గాదు ఇది. నేను ఏసిన" అన్న.

మేడం మొఖం వాడిపోయింది. "ఏడాది పని పోయింది అవ్వా" అన్నది.

"పోయింది బిడ్డా, తప్పు నాదే. గని జర నీది గూడ ఉన్నది. దాన్ని ఎందుకు పస్తుంచాలెనో నాకు జెప్పినవా? సంతకం ఎవలిది, చేతులు ఎవలియి?"

"అమ్మా, బస్, కూసో" అన్నడు మీ నాయిన.

"కూసోను" అన్న.

మేడమే ఒడ్డు మీద కూసున్నది. "ఏం ఎయ్యనిది ఒకటి పక్కన ఉంటెనే అవ్వా, ఏసింది ఎంత పనిజేసిందో తెలుస్తది" అన్నది. గీ ముక్క విత్తనం పెట్టిననాడు జెప్తె నేను చేతులు కట్టుకోని నిలవడకపోదునా? ఆమెనే మళ్ల, "డ్రమ్ముల ఏమేం ఏసినవ్?" అని పెన్ను తీసింది.

"జెప్త. గని దానికి గూడ ఓ మడి పెట్టాలె. కాయితంల నా పేరు ఉండాలె, నాతోని పోసినామెది గూడ ఉండాలె."

ఇంటికొచ్చినంక మీ నాయిన, "పదిమందిల ఇజ్జత్ తీసినవ్" అన్నడు. అబద్ధం తూకమేసి రాసుకుంటె ఇజ్జత్ పెరుగుతదా?

గీ ఏడాది నాలుగు మళ్లు. నాలుగోది మామూలు సాళ్లల్ల మా పెండనీళ్లది, దాని బోర్డు మీద మా ఇద్దరి పేర్లు ఉన్నయి, నువ్వే సదివి ఇనిపిచ్చినవ్ గదా. మూడోదానికి నేను సుక్క పొయ్యలే. దాని పక్కపొంటి పోయేటప్పుడు మొఖం అటు తిప్పుకోని పోయిన. వానలైతె మళ్ల దంచినయి. రేపు తవ్వుతరు. మాది ఓడిపోవచ్చంటది మేడం. ఓడితె ఓడనీ. ఓడింది గూడ మా పేరు మీదనే రాయాలె, గిది రైతులు జేసిన పని అని—

"అత్తమ్మా, బువ్వ వెట్టిన, రా!"

మీ అమ్మ పిలుస్తుంది. వస్తున్న! నువ్వు రాయి. రేపు మేడం పెన్ను తియ్యంగనే నేను ముంగట నిలవడి—

"సల్లారుతుంది అత్తమ్మా!"

వస్తున్ననే తల్లీ! ముంగట నిలవడి, అందరు ఇనేటట్టు, మొదలు మూడో మడికి ఈసారి నేను ఏం పొయ్యలేదని జెప్పి—