ఫీజు వద్దన్న అకౌంటెంటు

నా కొంప ముంచడానికి కోరుట్లలో ఎవరూ కుట్ర పన్నలేదు. వాళ్లకు ఆ శ్రమ ఇవ్వకుండా నా సొంత తెలివితో నేనే ముంచుకున్నాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి గానీ కాస్త మర్యాదగా నవ్వుకోండి. అప్పుడు నా వయసు ముప్పై ఒకటి. లోకంలో నాకు తెలియని విషయం లేదని గట్టి నమ్మకం.

ఇంటి ముందు గదిలో నాలుగు కుట్టుమిషన్లు వేసి లంగాలు, నైటీలు కుట్టి అమ్మేదాన్ని. గుడ్డ సిరిసిల్ల నుంచి వచ్చేది. తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి కూతురిని, బోర్డు మీద నా పేరు పక్కన ‘ప్రొప్రైటర్’ అని రాయించుకున్నాను. ఆ ముక్క పలకబోతే నాలుక మడత పడేది, అయినా రోజూ చూసి మురిసేదాన్ని. ఆ ఏడాది మా ఊళ్లో ఒక ప్రైవేటు బడివాళ్లు మూడు వందల జతల యూనిఫాంలు కుట్టమన్నారు. ఆ సంబరంలో సిరిసిల్ల వెళ్లి గుడ్డకు అడ్వాన్సు కూడా కట్టేశాను. అప్పుడు ప్రిన్సిపాల్ సారు తీరిగ్గా అసలు సంగతి చెప్పాడు.

"జీఎస్టీ బిల్లు ఇయ్యాలమ్మా. నంబరు లేకుంటే ఆర్డర్ వేరేటోళ్లకు పోతది."

నంబరు కావాలంటే అకౌంటెంటు కావాలి. జగిత్యాలలో స్వరూప మేడం అని ఒకావిడ ఉంది, పని పక్కాగా చేస్తుందని ఎవరో చెబితే బస్సెక్కి వెళ్లాను. ఆవిడ నా బోర్డు సంగతి అడగలేదు, నా ఆర్డరు గొప్పతనం వినలేదు. నేరుగా ప్రశ్నల్లోకి దిగింది.

"ఇల్లు ఎవరి పేరు మీదున్నది?"

"మా అత్త పేరు మీద."

"కరెంటు బిల్లు?"

"మా మామ పేరు మీద."

"ఆ ఇంట్ల మీరు దుకాణం నడుపుకునేతందుకు ఒప్పుకుంటున్నట్టు మీ అత్తతోని కాగితం రాయించాలె."

"మా అత్త ఇప్పటిదాంక దేనికీ ఒప్పుకోలేదు మేడం."

ఆవిడ నవ్వలేదు. "కాగితాలన్నీ తీస్కొని రాండ్రి. నేనొకసారి అచ్చి జాగ చూస్త. అప్లికేషన్‌కు రెండున్నర వేలు, తర్వాత నెలకు వెయ్యి."

నాకు ఒళ్లు మండింది. ప్రశ్నలు అడిగిందేమో ఆవిడ, కష్టపడి జవాబులు చెప్పిందేమో నేను, పైసలు మాత్రం ఆవిడకట! "ఆలోచించి చెప్త" అని లేచి వచ్చేశాను. ఆలోచించే అలవాటు నాకెక్కడిది?

ఆ వారమే రాయికల్‌లో చుట్టాల పెళ్లిలో, నాకు వరసకు తమ్ముడయ్యే మహేందర్ కనిపించాడు. పెళ్లి భోజనాల దగ్గర కూడా ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకున్నాడు. కుడి చేత్తో బగారన్నం తింటూ ఎడమ చేత్తో టకటకా మీటలు నొక్కుతున్నాడు. ఒక మనిషి తెలివిని తేల్చడానికి ఇంతకంటే ఏం కావాలి? అక్కడే అతన్ని నా అకౌంటెంటుగా ఎంచేసుకున్నాను. అతని చదువేమిటో, ఇంతకుముందు ఎవరికి ఏం చేశాడో అడగలేదు. అలా అడగడం అవమానించినట్టు ఉంటుందనిపించింది.

"ఫీజు ఎంత తమ్ముడూ?" అన్నాను.

"గదేంది అక్కా, నీ దగ్గర ఫీజు తీస్కుంటనా? మనం మనం ఒక్కటి!"

ఇంటికొచ్చి మా ఆయనకు గర్వంగా చెప్పాను. ఆయన టీ తాగుతూ, "ఫీజు వద్దన్నడా? అయితే భద్రం," అన్నాడు.

"నీకు మనుషుల మీద నమ్మకమే లేదు!" అని గ్లాసు లాక్కున్నాను.

మహేందర్ మర్నాడే వచ్చాడు. లాప్‌టాప్ తెరిచే ముందు దండెం మీది గుడ్డ పట్టి చూశాడు. "మస్తున్నది అక్కా, ఒక అంగి అయితదా?" అయింది. రెండు రోజుల తర్వాత వాళ్లావిడకు నాలుగు నైటీలు. ఆ తర్వాత వాళ్లమ్మకు అరడజను లంగాలు. దుబాయ్ నుంచి బావ వచ్చాడని ఆయనకు రెండు పైజామాలు. అప్లికేషన్ సంగతి ఎప్పుడడిగినా ఒకటే మాట: "నడుస్తున్నదక్కా." నడిచేది నా బట్టలేనని, అవి వాళ్లింటికే నడుస్తున్నాయని నాకు తట్టలేదు.

ఒకరోజు ఫోన్ చేశాడు. "అక్కా, ఓటీపీ అచ్చింది చూడు, జెప్పు."

"అప్లికేషన్ల ఏం రాసినవో ఒకసారి సదివి వినిపిస్తవా?"

"అంతా ఇంగ్లీష్‌ల ఉంటది అక్కా, నీకెందుకు తలనొప్పి?"

నా తలనొప్పి గురించి అంత ఆలోచించిన మనిషి అంతకుముందు దొరకలేదు. చెప్పేశాను.

వారం తిరక్కుండా మా వీధిలోకి పన్నుల ఆఫీసు నుంచి ఒక సారు వచ్చాడు. చేతిలో కాగితం పట్టుకుని, ఆ చివర నుంచి ఈ చివరకు ప్రతి గడపలోనూ ఏదో అడుగుతూ మా ఇంటి ముందు ఆగాడు. బోర్డు చూశాడు, కాగితం చూశాడు, నన్ను చూశాడు.

"ప్రొప్రైటర్ మీరేనా అమ్మా?"

"నేనే సార్, లోపలికి రాండ్రి."

లోపలికి వచ్చి నాలుగు మూలలా చూశాడు. "బట్టీ ఎక్కడ?"

"గివే సార్ బట్టలు." నైటీల కట్ట ఎత్తి చూపించాను.

"బట్టలు కాదమ్మా, బట్టీ. పొగ గొట్టం ఎటు దిక్కున్నది?"

"పొగ గొట్టమెందుకు సార్? మాది గ్యాసు పొయ్యే."

సారు ఓపికగా కాగితం నా ముందు పెట్టాడు. నా పేరు, నా ఫొటో, నా ఇంటి నంబరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. వ్యాపారం దగ్గర మాత్రం, ఇటుకల తయారీ.

మా అత్త లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. "నా ఇంట్ల ఇటుక బట్టీ పెడుతున్నవానే? నన్నడుగకుంటనే?"

సారు ముఖం పక్కకు తిప్పుకుని నవ్వాపుకున్నాడు. గదిని, మిషన్లను, మా అత్తను ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. అప్లికేషన్ తిరస్కరించారు.

మహేందర్‌ను పిలిపించాను. నేను కుట్టిన అంగీ తొడుక్కునే వచ్చాడు, ఇస్త్రీ కూడా చేయించాడు. నన్ను ఇటుకల వ్యాపారిని చేసిన మనిషి వేసుకున్నది నా దుకాణం సరుకు!

"మొన్న ఒక బట్టీ ఆయన అప్లికేషన్ జేసిన అక్కా. గదే కాపీ కొట్టి పేరు మార్చిన, గా ముక్క మార్చుడు మర్శిన. అయినా బట్టలకు బట్టీకి ఎంత తేడా అక్కా?"

"అంగి ఇప్పు," అన్నాను.

"అక్కా, లోపల బనీను లేదు!"

మా ఆయన మధ్యలోకి వచ్చి అతన్ని అంగీతో సహా బయటికి పంపాడు. తర్వాత కాగితం తీసుకుని, మహేందర్ ఇంటికి నడిచిన బట్టల ఖరీదు ఒక్కొక్కటిగా రాశాడు. నాలుగు వేల ఏడు వందలు. కాగితాన్ని నా మిషన్ మీద పెట్టి వెళ్లాడు. అంతకంటే ఒక తిట్టు తిట్టినా బాగుండేది.

మళ్లీ జగిత్యాల బస్సెక్కాను. స్వరూప మేడం నా కథంతా విని, అప్పుడు మాత్రం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత మొదటి నుంచి అవే ప్రశ్నలు అడిగింది. ఈసారి చేతులు కట్టుకుని జవాబిచ్చాను, పైసలు లెక్కబెట్టి ముందే ఇచ్చాను. ఆవిడ చెప్పినట్టే వచ్చి ఇల్లు చూసింది, మా అత్త చేత సంతకం కూడా పెట్టించింది. నంబరు వచ్చేసరికి బడివాళ్లు సగం ఆర్డరు వేరేవాళ్లకు ఇచ్చేశారు. మిగిలిన సగమైనా దక్కిందని కళ్లకద్దుకుని కుట్టాను.

అంతటితో అయిపోలేదు. ఆ సారు వీధంతా వాకబు చేసి వెళ్లాడు కదా, నేను బట్టీ పెట్టానని చుట్టుపక్కల ఊళ్లదాకా పాకింది. ఒక ఉదయం పెగడపల్లి నుంచి ఒక పెద్దమనిషి ట్రాక్టరేసుకుని వచ్చి, "రెండు వేల ఇటుకలు గావాలె బిడ్డా," అన్నాడు. సంగతి చెప్పాను. ఖాళీ ట్రాక్టరు వైపు, నా గది వైపు మార్చి మార్చి చూసి నిట్టూర్చాడు.

"గింత దూరమచ్చిన. ఉత్త చేతులతోని పోతే ముసల్ది ఊకోదు. రెండు లంగాలియ్యి."

ట్రాక్టరు తొట్టి మధ్యలో ఆ రెండు లంగాలు పెట్టి, గాలికి ఎగిరిపోకుండా వాటి మీద రాయి పెట్టుకుని వెళ్లాడు. మహేందర్ పనితనం వల్ల నాకు జరిగిన వ్యాపారం మొత్తం అంతే.

కాబట్టి మీ అందరి సాక్షిగా కుట్టుమిషన్ మీద చెయ్యి వేసి చెబుతున్నాను. ఇక మీదట ప్రశ్నలడిగే అకౌంటెంటు మీద అలగను, ఫీజు వద్దన్నవాడికి కుర్చీ వేయను, రాసింది వినకుండా ఓటీపీ చెప్పను. ఈ మాట తప్పితే నన్ను నిజంగానే బట్టీలో పెట్టి కాల్చండి.