మూడు తాళ్ళు, రెండు అరటిపళ్ళు

ఆ రోజుల్లో నా ఒంట్లో కష్టపడేది కుడిచెయ్యి ఒక్కటే. మిగతా శరీరమంతా దాని సంపాదన మీద సుఖంగా బతికేది. అరకులోయ బజారులో మా కిరాణా కొట్టు. కొట్లో బియ్యం బస్తాలు, బస్తాల పక్కన నేను. (కొత్తగా వచ్చినవాళ్ళు ఏది బస్తానో పోల్చుకోలేక తికమకపడేవారని మా నాన్న అనేవారు. సొంత కొడుకు గురించి అలా అనొచ్చా అంటే, "కొట్లో ఉన్న సరుకు గురించి ఉన్నమాటే చెప్పాల్రా" అనేవారు.) వయసు ఇరవై నాలుగు, బరువు తొంభై రెండు కిలోలు. ఆ తూకం మా కాటా మీద నేనే చూసుకున్నాను కాబట్టి అందులో మోసమేమీ లేదు. అలాంటి నేను ఈత కొట్టి, ఆ తడి ఒంటితోనే సైకిలెక్కి, సైకిలు దిగి పరుగెత్తే ట్రయాథ్లాన్ అనే పోటీకి పేరిచ్చానంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నమ్మినవాడు ఒక్కడే ఉండేవాడు.

వాడిని బజారంతా హారన్ అని పిలిచేది. కొండ ఊళ్ళకీ సంతకీ మధ్య జీపు నడిపేవాడు. మలుపుల్లో బ్రేకు కన్నా హారన్నే ఎక్కువ నమ్మేవాడు. ఆ హారన్ ఏడు రకాలుగా మోగేది, ఏడూ వాడే బిగించుకున్నాడు. వాళ్ళమ్మ పసుపు, పిప్పళ్ళు మా కొట్టుకి తెచ్చే రోజుల నుంచీ మాకు స్నేహం. ఆవిడ, నాన్న తూకం దగ్గర మాట్లాడుకుంటుంటే మేమిద్దరం బెల్లం డబ్బా దగ్గర మా పని మేం చూసుకునేవాళ్ళం. నాకన్నా మూడేళ్ళు పెద్దయినా నన్ను "సావుకారీ" అనేవాడు. పెద్దవాళ్ళు ఆ మాట అంటే గౌరవం. వాడి నోట మాత్రం వెక్కిరింత.

ఒక సంత రోజు, పట్నం నుంచి ఎవరో కుర్రాళ్ళు వచ్చి బజారు మొగలో బల్ల వేసుకుని, పోటీ ఫ్లెక్సీ కట్టి, పేర్లు రాసుకుంటున్నారు. మా జలాశయంలో ఈత, మా రోడ్ల మీద సైకిలు, మా కాఫీ తోటల్లో పరుగు. హారన్ నన్ను కూడా లాక్కెళ్ళాడు. వాడు కొండల్లో పుట్టి పెరిగినవాడు, మేక ఎక్కలేని చోటు కూడా ఎక్కగలడు. ఉత్సాహంగా ఫారం తీసుకుని పేరు రాయబోయి, కింద ఒక గీత దగ్గర ఆగిపోయాడు. ఒంట్లో ఏదైనా జబ్బుంటే రాయండి, డాక్టరు కాగితం జతచెయ్యండి అని ఉందక్కడ. కాసేపు ఆ గీతనే చూసి, కలం మూత పెట్టి, ఫారం నా వైపు తిప్పాడు.

"నువ్వు రాయి సావుకారీ."

"నేనా? నాకు ఈత రాదు కదరా!"

"నేను నేర్పుతాను. సైకిలొచ్చు కదా? పరుగంటావా, ఎనకమాల కుక్కని వదుల్తాను."

జీపు మానేసి తిరగడం కుదరక అలా అంటున్నాడనుకున్నాను. ఆ గీత గురించి నేను అడగలేదు. ఆ రోజు నేను అడగని ప్రశ్న అది ఒక్కటే, ఇన్నేళ్ళుగా నన్ను అడుగుతున్నదీ అదే.

శిక్షణ డిసెంబరులో మొదలైంది. అరకులో డిసెంబరంటే తెల్లారేసరికి గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. అలాంటి చలిలో వాళ్ళ ఊరి గెడ్డలో నడుంలోతు నీళ్ళలో హారన్ నిలబడి, నా పొట్ట కింద రెండు చేతులూ పెట్టి, నన్ను తేల్చేవాడు. (తేల్చడం అని మర్యాదకి అంటున్నాను. మోయడం.) "సెయ్యి ఆడించు... కాలు ఆడించు... ఓరి సావుకారీ, నీళ్ళు తాగొద్దు, గెడ్డ ఎండిపోద్ది" అని అరిచేవాడు. మొదటి వారంలో నేను ఈదానని అనుకున్నదంతా మోకాళ్ళు ఇసకలో ఆనించి పాకడమేనని గట్టు మీద గేదెలు కూడా కనిపెట్టాయి. ఒడ్డుకొచ్చాక వాడికి పళ్ళు టకటకా కొట్టుకునేవి. నెగడు దగ్గర కూచుని కీళ్ళు పట్టుకునేవాడు. "ఏటైంది?" అంటే "నీ బరువు మోసినాను కదా, ఇంకేటవుద్ది?" అనేవాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. జనవరిలో ఒకసారి వారం రోజులు, ఫిబ్రవరిలో మరోసారి పది రోజులు జీపు కనిపించలేదు. కాలు బెణికిందన్నాడు. నమ్మాను.

సైకిలు తొక్కేటప్పుడు, పరుగెత్తేటప్పుడు వెనకాలే జీపులో వచ్చేవాడు. జీపు నిండా సంతకెళ్ళే జనం, ముందు నేను రొప్పుతూ. ఒక్క హారన్ కొడితే ఆగకు అని, రెండు కొడితే నీళ్ళు తాగు అని, పొడుగ్గా ఏడు రకాలూ మోగిస్తే నువ్వు నడుస్తున్నావు, పరుగెడుతున్నట్టు నటించకు అని అర్థం. పనస పండ్ల గంపల మధ్య నుంచి ముసలమ్మలు "ఆ బాబుని కూడా ఎక్కించుకోరాదేటి?" అని జాలిపడేవారు. నాన్న ఒకరోజు కొట్టు ముందు నిలబడి ఆ ఊరేగింపు చూసి, "జీపు ఖాళీ లేకపోతే తర్వాత జీపులో రావచ్చు కదరా, పరుగెందుకు?" అన్నారు. పోటీ బట్టలు పార్సిల్లో వచ్చిన రోజున, ఒంటికి అంటుకుపోయే ఆ నల్ల బనీను వేసుకుని చూపిస్తే మా అమ్మ గాభరాపడిపోయింది. "ఏటిరా ఇది, ఉతికితే ముడుసుకుపోయిందా? బేగి ఇప్పీ, ఎవులైనా సూత్తారు!" అంది. అయినా నెలలు గడిచేకొద్దీ కాటా మీద అంకె తగ్గింది, నేను నిజంగానే తేలాను. ఒక ఉదయం హారన్ నాకు తెలియకుండా చేతులు తీసేశాడు. నేను గెడ్డ అవతలి గట్టు దాకా వెళ్ళి వెనక్కి చూస్తే, వాడు నీళ్ళలోనే నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు. "మెడల్ తెచ్చి నా జీపుకి కట్టాలి సావుకారీ, అద్దం దగ్గర" అన్నాడు. రెండున్నర గంటల్లో ముగించినవాళ్ళందరికీ మెడల్ ఇస్తారు. గెలవక్కర్లేదు, సమయానికి వస్తే చాలు. నాకు అప్పటి నుంచీ కావలసింది ఆ మెడల్ ఒక్కటే.

పోటీకి ఐదు రోజుల ముందు హారన్‌ని విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. వాళ్ళమ్మ తోడు వెళ్ళింది. ఫోన్ చేస్తే, "కాలు నొప్పేలే. నువ్వు మెడల్ అట్రా, నయమైపోద్ది" అన్నాడు. గొంతు బాగా నీరసంగా ఉంది. నాకు అప్పటికీ పూర్తిగా తెలియలేదు.

పోటీ పెట్టిన పట్నం కుర్రాళ్ళు పోలీసులకి చెప్పారు, రోడ్ల వాళ్ళకి చెప్పారు, ఆసుపత్రి బండి తెప్పించారు. వాళ్ళు అడగని మనుషులు కొండ ఊళ్ళ ఆడవాళ్ళు. ఆ ఆదివారం ఇటుకల పండగలో పడింది. చైత్రంలో ఆ పండగ రోజుల్లో మగవాళ్ళు వేట పేరు చెప్పి అడవికెళ్తారు, రోడ్లన్నీ ఆడవాళ్ళ రాజ్యం. దారికి అడ్డంగా తాడు పట్టుకుని నిలబడతారు. కలెక్టరుగారి బండైనా సరే, చేతిలో ఏదో ఒకటి పెట్టాలి, లేదా దిగి వాళ్ళతో ధింసా నాట్యం ఆడాలి. కావలసినవాడైతే ఇంకా ఎక్కువసేపు ఆపుతారు, అది మర్యాద. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పండగే. కానీ గుండె మీద నంబరు అతికించుకున్నాక నేను కూడా పట్నం వాణ్ణయిపోయాను. పోటీవాణ్ణి ఎవరాపుతారులే అనుకున్నాను.

ఈతలో అందరికన్నా ఆఖరున ఒడ్డెక్కాను. ఎక్కాను, అది చాలు. సైకిలు దగ్గరికొచ్చి, తడిసిన టోపీ, కళ్ళద్దాలు పాత పేపరులో చుట్టి పురికొసతో రెండు ముడులు వేశాను. (పన్నెండేళ్ళ కొట్టు అలవాటు. చేతులు వాటంతటవే కట్టేశాయి. పక్కనున్న కుర్రాడు "సార్, పార్సిలా?" అన్నాడు.) ముందు వెళ్ళినవాళ్ళకి దారి చూపించే మోటారుసైకిలు కుర్రాడు తాళ్ళ దగ్గర నోట్లిచ్చి అందరినీ దాటించేశాడట. నేను వచ్చేసరికి ఆ మోటారుసైకిలు లేదు, నాకు జేబూ లేదు.

మొదటి తాడు దగ్గరే పట్టుకున్నారు. "ఏటి సావుకారి బాబూ, సొక్కా ఏదీ?" అని ఒకరు, "జేబేదీ?" అని ఒకరు. లేదని చూపించడానికి చుట్టూ తిరిగాను. ఆ తిరగడం చూసి ఇంకా నవ్వారు. "అయితే ఆడు!" ఆడాను. రెండో తాడు దగ్గరా ఆడాను. మలుపుల్లో వెనక నుంచి హారన్ వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించుకుంటూ తొక్కాను. అంత నిశ్శబ్దంగా ఆ రోడ్డు నాకెప్పుడూ తెలియదు. మూడో తాడు హారన్ వాళ్ళ ఊరిది. "అమ్మా, టైమైపోతోంది, మీవాడి కోసమే వెళ్తున్నాను" అని బతిమాలాను. "మావోడి నేస్తానివి, ఉత్తినే ఎలా ఎల్తావు? ఆడింకా!" అని, వీపు వెనక చేతులు చేతులు పెనవేసి వరసలో నిలబెట్టి, డప్పు దరువు మార్చి మార్చి ఆడించారు. "ఎడం కాలు, ఎడం కాలు!" అని అందరూ అరుస్తున్నా నా కుడికాలే ముందుకొచ్చేది.

సైకిలు దిగి కాఫీ తోటల్లో పరుగెత్తాను. ఏడ్చుకుంటూ పరుగెత్తాను అంటే అతిశయోక్తి కాదు. గమ్యం దగ్గర గాలితో నింపిన పెద్ద కమాను ఉంటుంది. నేను దూరం నుంచి చూస్తుండగానే ఎవరో దాని గాలి తీసేశారు. అది మెల్లగా వంగి, నేలమీద పడుకుంది. నేను దాని మీద నుంచి దాటాను. పన్నెండు నిమిషాలు ఆలస్యం. మెడల్స్ డబ్బా కారులోకి ఎక్కేసింది. ఒక పాప జాలిపడి, మిగిలిన అరటిపళ్ళు రెండు నా చేతిలో పెట్టింది.

ఆ బట్టల మీదే చొక్కా వేసుకుని మధ్యాహ్నం విశాఖ వెళ్ళే కిరండూల్ రైలెక్కాను. ఆసుపత్రిలో హారన్ మంచం మీద పిల్లవాడంత అయిపోయి ఉన్నాడు. చేతికి సెలైన్. "మెడల్ ఏదిరా?" అన్నాడు. అరటిపళ్ళు చూపించి జరిగింది చెప్పాను. మొదట పెదవులు కదిలాయి, తర్వాత భుజాలు, ఆ తర్వాత మంచమంతా ఊగింది. "మూడు ఊళ్ళలో ఆడినావా? ఒక్క ఊళ్ళోనైనా అడుగు కుదిరిందేటి?" అని అడిగాడు. "కుదరలేదు" అన్నాను. నర్సమ్మ వచ్చి కోప్పడేదాకా నవ్వాడు. ఒక అరటిపండు వాడు తిన్నాడు, ఒకటి నాకిచ్చాడు.

వరండాలో వాళ్ళమ్మ చెప్పింది. పుట్టుకతో వచ్చిన రక్తం జబ్బట, సికిల్ సెల్ అంటారట. "సన్నీళ్ళల్లో దిగొద్దని డాక్టర్లు సిన్నప్పుడే సెప్పినారు బాబూ. వద్దంటే ఇంటేనా? నాలుగు నెల్లు దిగినాడు." అంతే అంది. నీ వల్ల అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ వరండాలో నేను గోడకి ఆనుకుని కూచున్నాను. ఆ నాలుగు నెలల్లో వాడి పళ్ళు టకటకలాడినప్పుడల్లా నేను నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి, సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

వానాకాలంలో వాడు పోయాడు. జీపు ఇంకొకరు కొనుక్కున్నారు. హారన్ మాత్రం అదే. సంత రోజుల్లో అది మోగినప్పుడల్లా నేను తూస్తున్న కాటా ఆపి తల ఎత్తేవాణ్ణి. నాన్న వచ్చి ఆ తూకం తనే పూర్తిచేసేవారు.

మళ్ళీ చైత్రం వచ్చింది. ఆ ఏడు పోటీ లేదు. ఎందుకో నాకూ తెలియదు, పండగ రోజున సైకిలు తీశాను. జేబులున్న చొక్కా వేసుకున్నాను, జేబుల్లో మాత్రం ఏమీ వేసుకోలేదు. మొదటి తాడు దగ్గర ఆడాను, రెండో తాడు దగ్గర ఆడాను. మూడో తాడు వాళ్ళు నన్ను దూరం నుంచే చూశారు. పాట ఆగిపోయింది. తాడు మెల్లగా నేల మీదికి దిగింది. "ఎల్లు బాబూ" అని ఒకావిడ నెమ్మదిగా అంది. నాకు ఎదురుగా రోడ్డంతా ఖాళీగా ఉంది. నేనిక ఆ ఊరికి ఎవరినీ కాననిపించింది. కాలు కింద పెట్టాను, ముందుకి వెళ్ళలేకపోయాను.

అరుగు మీద గోడకి చేరబడి కూచుని ఉంది వాళ్ళమ్మ. పండగలోకి రాలేదు. అక్కడి నుంచే కేకేసింది. "తాడెందుకు దించినారు? ఉత్తినే పంపేత్తారేటి? ఎత్తండి!"

ఎవరూ కదల్లేదు. ఆవిడే లేచి వచ్చి, కింద పడి ఉన్న తాడు కొస అందుకుని పైకెత్తింది. మరో చెయ్యి నా వీపు వెనక వేసింది. డప్పు మోగింది. నేను ఆడుతూనే ఏడ్చాను. నా కుడికాలు మామూలుగానే ముందుకొచ్చింది. "ఎడం కాలు బాబూ, ఎడం కాలు" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకోకుండానే నవ్వుతూ.

ఇప్పుడు మళ్ళీ ఎనభై తొమ్మిది కిలోలున్నాను, మళ్ళీ బస్తాల పక్కనే ఉన్నాను. ఏ పోటీకీ పేరివ్వలేదు. కానీ ప్రతి చైత్రంలోనూ సైకిలు తీస్తాను, మూడు తాళ్ళ దగ్గరా ఆడతాను. ఇన్నేళ్ళలో ఆ ఒక్క అడుగు నేర్చుకోవడం ఎంతసేపు పని? నేర్చేసుకుంటే ఆవిడ దిద్దడం మానేస్తుందేమోనని నేర్చుకోవడం లేదు.